మూలమట్టం ఎవరి చేతిలో ఉంది?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో ఒకప్పుడు ఆడమనిషి నవ్వితే చాలు, ఆమె ఆ ఊరి ఆడబిడ్డో, ఆ ఊరికి వచ్చిన కోడలో తెలిసిపోయేది. ఆడబిడ్డ పళ్ల మీద గోధుమరంగు చారలు, మచ్చలు, ఎంత తోమినా పోని గార. కోడలి పళ్లు తెల్లగా ఉండేవి. నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్ల మీద మరక వేసేది అవి చిగుళ్ల లోపల తయారవుతున్న వయసులోనే, అంటే ఏడెనిమిదేళ్ల దాకానే. ఆ తర్వాత అదే నీళ్లు తాగినా పళ్లకు మరక పట్టదు, ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది. అందుకే కోడలి పళ్లు చివరిదాకా తెల్లగానే ఉండేవి. నడుము మాత్రం కొన్నేళ్లకు అత్తగారి నడుములాగే పట్టేసేది.

ఆ ఊళ్లో మామూలు పళ్లంటే ఏవి? లెక్క తీస్తే గార పళ్లే మామూలు, ఎక్కువమందికి ఉన్నవి అవే. కొత్త కోడలి తెల్ల పళ్లే వింత. బడిలో చేరిన పిల్లవాడు పక్కన కూర్చున్న పిల్లవాడి నోరు చూసి పళ్లంటే ఇలాగే ఉంటాయనుకున్నాడు. అదే పిల్లవాడు పెద్దయి హైదరాబాద్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. పళ్లు మారలేదు, చూసే కళ్లు మారాయి. ఊళ్లో మామూలు మనిషి, బస్సెక్కి కొన్ని గంటలు పోతే మామూలు మనిషి కాకుండా పోయాడు.

సమాజంలో మామూలుగా ఉండడం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ ఊళ్ల కంటే మంచి చోటు దొరకదు. ఎందుకంటే మిగతా చోట్ల ఒకే మాటలో కలిసిపోయి కనబడే విషయాలు ఇక్కడ విడివిడిగా, కళ్లకు కట్టినట్టు కనబడతాయి.

ముందు మాట సంగతి చూద్దాం. మనం రోజుకు పదిసార్లు వాడే మామూలు ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట. దాని మూలం అమల్, అంటే పని, ఆచరణ. సర్కారు ఉత్తర్వుల్లో కనిపించే అమలు కూడా ఆ తల్లి బిడ్డే. కాబట్టి మామూలు అంటే అసలు అర్థం ‘అమల్లో ఉన్నది’, ‘నడుస్తున్నది’ అని మాత్రమే. అది మంచిదో చెడ్డదో ఆ మాట చెప్పదు. ఆఫీసులో బల్ల కింద చేతులు మారే డబ్బును కూడా మామూళ్లు అనే అంటారు. ఎప్పుడూ నడిచేదే కనుక ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ మొహమాటం లేకుండా ఆ పేరు ఖాయమైంది.

ఇప్పుడు దానితో సమానంగా వాడుతున్న నార్మల్ పుట్టుక పూర్తిగా వేరు. లాటిన్‌లో నోర్మా అంటే వడ్రంగి, తాపీమేస్త్రి వాడే మూలమట్టం. గోడ మూల సరిగ్గా తొంభై డిగ్రీలు తిరిగిందో లేదో చూసే పనిముట్టు. లెక్కల పుస్తకంలో లంబంగా ఉన్న గీతను ఇప్పటికీ నార్మల్ అనే పిలుస్తారు. అంటే ఒక మాట ‘నడుస్తున్నది’ అంటుంది, ఇంకోటి ‘ఉండవలసినట్టు ఉన్నది’ అంటుంది. ఊళ్లోని గోడలన్నీ వంకరగా కట్టి ఉంటే వంకర గోడ మామూలే, కానీ మూలమట్టానికి నిలవదు. రోజువారీ మాటల్లో ఈ రెంటినీ ఒకటి చేసేస్తాం. ‘అందరూ చేసేదే కదా’ అన్నప్పుడు మొదటి అర్థంతో మొదలుపెట్టి రెండో అర్థంలో తేలుతాం. అందరూ చేస్తున్నారు కాబట్టి సరైనదే అన్నమాట. సమాజం మనిషి మీద పెట్టే ఒత్తిడిలో చాలా భాగం ఈ చిన్న జారుడులోనే ఉంది.

నల్లగొండ నీళ్ల కథను ఈ వెలుగులో చూస్తే సంగతి బాగా తెలుస్తుంది. ఈ నేల గ్రానైట్ రాళ్ల నేల. ఆ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, చెరువులు పూడిపోయాయి, బావులు ఎండాయి, బోర్లు లోతుకు దిగాయి. నీరు రాతిలో ఎంతకాలం నానితే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. ఇక్కడి బోరు నీళ్లలో చాలాచోట్ల అదీ తక్కువే. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బిందెలో చూస్తే తేటగా, చల్లగా ఉండే నీళ్లు అవి.

జబ్బు ఒక్కరోజులో వచ్చి ఉంటే ఊరంతా గగ్గోలు పెట్టేది. కలరా వస్తే అలాగే పెట్టింది. ఇది ఇరవై ముప్పై ఏళ్లు తీసుకుని వచ్చింది. ముందు మోకాళ్లు నొప్పి, తర్వాత మెడ తిరగకపోవడం, తర్వాత నడుము వంగడం. ఏ మెట్టులోనూ ‘ఇది జబ్బు’ అనిపించలేదు, ఎందుకంటే పక్కింటి మామకూ అంతే, ఎదురింటి అవ్వకూ అంతే. ‘వయసు మీద పడ్డది’ అన్నారు. నలభై అయిదేళ్ల మనిషిని చూసి అలా అన్నారు. ముసలితనం ఎప్పుడు మొదలవుతుందన్న లెక్కే ఆ ఊళ్లలో పది పదిహేనేళ్లు ముందుకు జరిగిపోయింది, జరిగినట్టు ఎవరికీ తెలియలేదు.

జబ్బు ఉందో లేదో అనుమానం తీర్చుకోవడానికి డాక్టర్లు ఒక చిన్న పరీక్ష చేస్తారు. మిషన్లేమీ అక్కర్లేదు. మోకాళ్లు వంచకుండా వంగి కాలి బొటనవేళ్లు ముట్టుకోమంటారు. గదుమను ఛాతీకి ఆనించమంటారు. చేతులు చాపి, మోచేతులు మడిచి తల వెనక పెట్టమంటారు. పిల్లలకైతే ఇవి ఆటల పీరియడ్‌లో చేసే పనులు. ఫ్లోరైడ్ ఊళ్లలో కొందరు పిల్లల గదుమ ఛాతీకి రెండు వేళ్ల దూరంలో ఆగిపోతుంది. అక్కడ ఆగిన పిల్లవాడికి నొప్పి ఏమీ లేకపోవచ్చు. తన మెడ అంతవరకే వంగుతుందని వాడు అనుకుంటాడు, అంతే. తన దేహం ఇంకా ఎంత వంగగలదో వాడికి ఎవరూ చూపించలేదు. మామూలు అన్నది మనిషిని మోసం చేసే తీరు సరిగ్గా ఇదే. బాధ పెట్టి లొంగదీసుకోదు, ఇంతకు మించి ఏదీ లేదని నమ్మిస్తుంది.

రక్త పరీక్ష కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మీ అంకె పక్కన ‘నార్మల్ రేంజ్’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఆకాశం నుంచి ఊడిపడలేదు. సాధారణంగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొంతమందిని తీసుకుని, పరీక్షించి, నూటికి 95 మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉన్నాయో చూసి ఆ హద్దులు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో కూడా అయిదుగురు లెక్క ప్రకారమే గడి బయట పడతారు. గడి బయట ఉన్నంత మాత్రాన రోగి కాదు. గడి లోపల ఉన్నంత మాత్రాన బాగున్నట్టూ కాదు, ఎందుకంటే అంతా ‘ఆరోగ్యంగా ఉన్నవాళ్లు’ అని ఎవరిని ఎంచుకున్నారు అన్నదాని మీదే ఆధారపడి ఉంది. మెడ ఎంత వంగాలో ఫ్లోరైడ్ ఊళ్లోని వందమందిని కొలిచి గడి గీస్తే, ఆ పిల్లవాడి మెడకు కాగితం మీద నార్మల్ అనే పడుతుంది.

అదృష్టం కొద్దీ కొన్ని గీతలు అలా గీయరు. ఆడవాళ్ల రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములు ఉండాలని, అంతకు తగ్గితే రక్తహీనత అని గీత గీశారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మంది ఆ గీత కింద ఉన్నారు. సగం కంటే ఎక్కువ. లెక్క కోసం ఎక్కువమందినే చూస్తే రక్తం తక్కువగా ఉండడమే ఇక్కడి ఆడవాళ్లకు మామూలు. ‘ఆడమనిషన్నంక నీరసం ఉండదా’ అనే మాట ఆ లెక్కలోంచి పుట్టిందే. పొద్దున్నే లేవలేకపోవడం, నాట్లేస్తుంటే కళ్లు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, ఇవన్నీ జబ్బు లక్షణాలుగా కాక ఆడపుట్టుక లక్షణాలుగా చెలామణి అయ్యాయి. గీతను సగటు చూసి కిందికి దింపితే రక్తహీనత కాగితం మీద మాయమవుతుంది, ఆయాసం ఎక్కడికీ పోదు.

సగటును కొలబద్ద చేసుకోవడం పాత అలవాటేమీ కాదు. బెల్జియంకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1835లో ‘సగటు మనిషి’ అనే ఊహను ముందుకు తెచ్చాడు. నక్షత్రాల కొలతల్లో తప్పులు సరిదిద్దడానికి వాడే లెక్కను మనుషుల ఎత్తు, బరువు, ఛాతీ చుట్టుకొలత మీద ప్రయోగించాడు. నక్షత్రం ఒక్కటే ఉంటుంది, కొలతలు అటూఇటూ తప్పుతాయి, సగటు తీస్తే నిజానికి దగ్గర పడతాం. మనుషుల విషయంలో ఆ ఒక్క నక్షత్రం లేదు. అయినా సగటే అసలు మనిషి, మిగతా మనమంతా దాని తప్పుడు కొలతలం అన్న భావం ఆ రోజుల నుంచే బలపడింది. అందులోని లోపం అమెరికా వైమానిక దళానికి 1950లో తెలిసింది. విమానంలో పైలట్ కూర్చునే చోటును సగటు పైలట్ కొలతలకు కట్టారు, ప్రమాదాలు ఆగలేదు. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారి 4,063 మంది పైలట్లను కొలిచి, పది ముఖ్యమైన కొలతల్లో అన్నిటా సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లెందరో లెక్కపెట్టాడు. ఒక్కరు కూడా లేరు. అప్పుడు మనిషిని సీటుకు సరిపెట్టడం మానేసి, సీటును మనిషికి తగ్గట్టు జరుపుకునేలా చేశారు.

‘నార్మల్ డెలివరీ’ అనే మాట ఇంకో తమాషా కాదు, ఒక విషాదం చెబుతుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. పేరుకు నార్మల్ అయినది లెక్కలో అరుదైపోయింది. కడుపుతో ఉన్న అమ్మాయి ‘నార్మల్ కోసం చూస్తాం’ అంటే చుట్టాలు ‘ఎందుకమ్మా అంత టెన్షన్, అందరూ ఆపరేషనే కదా’ అంటారు. ముహూర్తం చూసుకుని కోయించుకోవడం కూడా ఇక్కడ కొత్తేమీ కాదు. అవసరమైన సిజేరియన్ తల్లీబిడ్డల ప్రాణం కాపాడుతుంది, దాన్ని తక్కువ చేయడం తగదు. కానీ ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రతి అయిదుగురిలో నలుగురికి అవసరం పడిందంటే ఆడవాళ్ల దేహాలు ఒక్క తరంలో మారిపోయాయని నమ్మాలి. మారింది దేహాలు కాదు, ఆసుపత్రి సమయం, డబ్బు, భయం.

మహబూబ్‌నగర్ వైపు వెళ్తే మామూలు ఇంకో రూపంలో కనిపిస్తుంది. పాలమూరు లేబర్ అనే మాట దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా వినిపించింది. కృష్ణా, తుంగభద్ర రెండూ జిల్లా అంచున పారుతున్నా నీళ్లు పొలానికి ఎక్కలేదు. పొలం లేనివాళ్లే కాదు, అయిదారెకరాల చెలక ఉన్నవాళ్లు కూడా గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోయారు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయి, పుణెలకు ఆర్టీసీ బస్సులు నడిచాయంటే వలస ఎంత మామూలైందో వేరే చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి దాటాక బస్టాండులో సాయంత్రం పూట చూస్తే బియ్యం మూట, గిన్నెల సంచి, చుట్టచుట్టిన బొంత, ఒక చేతిలో చంటిపిల్ల. పెద్ద పిల్లల్ని అవ్వ దగ్గర విడిచిపెట్టేవాళ్లు. అలాంటి పిల్లలు బడి మానకుండా ఉండాలని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు తెరవాల్సి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో అట్టడుగు.

వలస మామూలైన ఊళ్లో వింత మనిషి ఎవరంటే పోనివాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఊళ్లోనే ఉండి ఇంకా చదువుతానంటే ‘ఏందిరా, ఇంట్ల కూసుంటవా? ఈడోళ్లంత బొంబాయి పోయిండ్రు’ అని అరుగు మీది పెద్దమనుషులు అడిగేవాళ్లు. వాళ్లది చెడ్డ మనసు కాదు. పోవడమే బాధ్యత, ఉండిపోవడం సోమరితనం అని ఆ ఊరి అనుభవం వాళ్లకు నేర్పింది. వాళ్లు కట్టిన గోడలన్నీ మూలమట్టానికి సరిగ్గా నిలిచాయి. వాళ్ల బతుకు తీరును మాత్రం ఎవరూ మూలమట్టంతో సరిచూడలేదు. కరువు, అప్పు, అందని నీళ్లు ఇవన్నీ కలిసి తెచ్చిన దుస్థితి కాస్తా ‘పాలమూరోళ్లు కష్టజీవులు’ అనే పొగడ్తగా మారింది. ఒక ప్రాంతం మనుషుల సహజ గుణంగా పేదరికాన్ని చూపించడం కంటే పెద్ద అన్యాయం ఉండదు, పొగడ్త రూపంలో వస్తే దాన్ని కాదనడం కూడా కష్టం.

గుణమే అయితే ఇన్నేళ్లకైనా మారకూడదు. జూరాల, కోయిల్‌సాగర్‌ల తర్వాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు పొలాలకు చేరిన చోట ఊళ్లు తిరిగి నిండాయి. ఇప్పుడు తెలంగాణ పొలాల్లో వరి నాట్లు వేయడానికి బిహార్, బెంగాల్ నుంచి కూలీల గుంపులు వస్తున్నాయి. ఇప్పుడిక్కడి రైతులు వాళ్లను చూసి ‘వాళ్లు భలే కష్టపడతరు’ అంటున్నారు.

ఇంకా వెనక్కి పోతే, ఈ నేల మీద మనిషి మనిషిని పలకరించే తీరే వేరుగా ఉండేది. దొర ఎదురైతే చెప్పులు చేత పట్టుకోవడం, ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అనడం. బాంచ అంటే దాసి. తనను తాను బానిస అని చెప్పుకోవడం నమస్కారం స్థాయికి వచ్చిందంటే వెట్టి ఎంత లోతుకు దిగిందో అర్థమవుతుంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఒక్కో కులానికి ఒక్కో వెట్టి పని, కూలి లేదు. అది అన్యాయమని తెలియక కాదు, ఇంకో తీరు ఉంటుందన్న ఊహ అందక. ఆంధ్రమహాసభ ఊళ్లలోకి సంఘంగా వచ్చి ఆ ఊహను అందించింది. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాలకు నేలకొరిగాక అది సాయుధ పోరాటమై 1951 దాకా నడిచింది. ఆ రోజుల్లో దొర ముందు తల ఎత్తి నిలబడిన మనిషిని ఊరు మెచ్చుకోలేదు, ముందు భయపడింది. ‘వీడికేమైంది’ అనుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెతను మనం ఎప్పుడూ ఉలిపికట్టెను తిట్టడానికే వాడతాం. నల్లగొండ చరిత్రలో ఉలిపికట్టెలే దారి చూపాయి.

భాష సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. బడిలో ‘అచ్చిండు’, ‘పోయిండు’ అన్న పిల్లవాడిని సరిదిద్దిన కాలం ఎంతో దూరం లేదు. పాఠ్యపుస్తకాల తెలుగు కోస్తాలోని రెండున్నర జిల్లాల భాష అని తెలంగాణ ఎన్నేళ్లో మొత్తుకుంది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నాక బిడియం తగ్గింది. ఇక్కడ లెక్క ప్రకారం ఎక్కువమంది మాట్లాడేదే తప్పు అయింది. అంటే మామూలును నిర్ణయించేది అన్నిసార్లూ సంఖ్య కాదు, పుస్తకం అచ్చు వేసేవాళ్ల చెయ్యి కూడా.

అరుదైనది కాబట్టి తప్పు అనుకోవడం దీనికి రెండో ముఖం. పెళ్లి వద్దనుకున్న ముప్పై అయిదేళ్ల అమ్మాయి, మాట్లాడడం తక్కువైన పిల్లవాడు, మగవాడినే ఇష్టపడే మగవాడు, వీళ్లెవరూ ఎవరికీ హాని చేయలేదు. వీళ్లు తక్కువమంది, అంతే. స్వలింగ ఇష్టాన్ని జబ్బుల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది, అది నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. ఆ తేదీకి ముందు రోజూ తర్వాతి రోజూ ఆ మనుషులు ఒకలాగే ఉన్నారు, గీత జరిగింది. మనసుకు బాగోలేక డాక్టర్‌ను చూడాలనుకున్నవాడిని, హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న చోటు పేరుతో, ‘ఎర్రగడ్డకు పోతవా’ అని నవ్వుతాం. ఆ నవ్వుకు భయపడి పురుగుమందు డబ్బా దాకా పోయినవాళ్ల ఇళ్లు ఈ జిల్లాల్లో లెక్కకు మిక్కిలి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఇవి చెప్పుకుంటే నలుగురిలో మామూలు మనిషి కాకుండా పోతాననే భయమే మందు దొరకనివ్వడం లేదు. ఇక్కడ మామూలుగా కనబడడం కోసం మనిషి ప్రాణాన్నే పణంగా పెడుతున్నాడు.

మామూలుకు ప్రభుత్వం కూడా గీత గీస్తుంది. వైకల్యం ఎంతో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు ముందు కర్రల మీద, మూడు చక్రాల బండ్ల మీద, కొడుకు భుజం మీద వచ్చిన మనుషులు పొద్దున్నుంచి కూర్చుంటారు. డాక్టర్ రాసే వైకల్య శాతం 40 అయితే పింఛన్, 39 అయితే ఏమీ లేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి. అంతకుముందు చాలా రకాల కష్టాలకు ఆ చట్టంలో విడిగా పేరే లేదు. నడుము వంగిన ఫ్లోరోసిస్ రోగి ఈ వరుసలో కూర్చున్నప్పుడు ఒక చిత్రమైన స్థితి ఏర్పడుతుంది. నలభై ఏళ్లు ‘నాకేం కాలేదు, అందరికీ ఉన్నదే’ అనుకున్న మనిషి ఇప్పుడు తనకు ఎంత అయిందో అంకెల్లో నిరూపించుకోవాలి.

ఫ్రెంచ్ వైద్యుడు, తత్వవేత్త జార్జ్ కాంగిలెమ్ 1943లో ఒక సంగతి చెప్పాడు. ఆరోగ్యం అంటే సగటుతో సరిపోవడం కాదు, పరిస్థితి మారినప్పుడు కొత్తగా బతికే తీరు తనకు తాను కట్టుకోగలగడం. ఈ కొలబద్దతో చూస్తే శివన్నగూడెంలోని అంశల స్వామి లోకం అనుకున్నంత అశక్తుడు కాడు. ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంకర్లు తిరిగి, చిన్నపిల్లవాడి ఎత్తులోనే ఆగిపోయిన దేహంతో ఆయన నీళ్ల కోసం జరిగిన ఉద్యమానికి ముఖమై నిలిచాడు. 2003లో జలసాధన సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ ఆయన్ను ఢిల్లీకి, ప్రధాని వాజ్‌పేయి ముందుకు తీసుకెళ్లారు. గణాంకాలు చెప్పలేనిది ఆ దేహం చెప్పింది. స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

అంతకుముందే నల్లగొండ తన బాధను దేశానికి వినిపించడానికి ఒక అసాధారణమైన పని చేసింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. వాళ్లలో చాలామంది నీళ్ల కోసం నామినేషన్ వేసినవాళ్లే. ఆ తర్వాత లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. ఎన్నికల పద్ధతిని చెడగొట్టారని అప్పుడు విమర్శ వచ్చింది. ఎన్నిక సజావుగా, మామూలుగా జరిగి ఉంటే ఎప్పటిలాగే ఎవరో ఒకరు గెలిచేవారు, బిందెలో నీళ్లు ఎప్పటిలాగే ఉండేవి. ఫ్లోరైడ్ నీళ్లను మామూలు కాదని చెప్పడానికి వాళ్లకు దొరికిన దారి ఎన్నికను మామూలుగా జరగనివ్వకపోవడం. అది న్యాయమైన పనే.

ఈలోగా శాస్త్రం ఊరుకోలేదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతిని 1970లలో రూపొందించి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. తూర్పు ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని వాడి చూశారు. ఇంట్లో రోజూ పటిక కలిపి, తేరిన నీళ్లు వంచుకుని, అడుగున మిగిలిన మడ్డిని పారబోయాలి. పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో అది సాగలేదు. అసలు మందు వేరే చోటి నుంచి మంచి నీళ్లు తేవడమే. 2004లో కృష్ణా నీళ్లను హైదరాబాద్‌కు తీసుకెళ్లిన పైపులు ఈ జిల్లా నేల మీదుగానే వెళ్లాయి. రాజధానికి నల్లా నీళ్లు మామూలు, పైపు దాటిన ఊళ్లకు బోరు నీళ్లు మామూలు అన్నట్టు పదేళ్లకు పైగా గడిచింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి పైలాన్ వేశారు. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020 నాటికి కేంద్రం లెక్కలు చెప్పాయి.

లెక్కల్లో సున్నా అయినంత మాత్రాన ఎముకల్లో చేరింది బయటికి రాదు. వంగిన నడుములు వంగే ఉన్నాయి, వాటికి కావలసింది మందులు, పింఛన్, మంచం పక్కన ఒక మనిషి. నల్లా వచ్చినా వంటకు పాత బోరు నీళ్లే వాడే ఇళ్లున్నాయి. పప్పు ఆ నీళ్లతో ఉడికితే తాగే నీళ్లు మార్చినా మేలు సగమే.

పాలపళ్లు ఊడి ముందు పళ్లు రావడానికి పిల్లలకు ఏడేళ్లు పడుతుంది. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన మొదటి పిల్లలు ఇప్పుడిప్పుడే రెండో తరగతి, మూడో తరగతిలో ఉన్నారు. నీళ్లు వేళకు వచ్చిన ఊళ్లో, వంటకు కూడా వాటినే వాడిన ఇంట్లో, నాయనమ్మ పళ్లు ఒక రంగు, అమ్మ పళ్లు ఒక రంగు, ఈ పిల్ల నోట్లో కొత్తగా సగం వరకు దిగిన రెండు ముందు పళ్లు ఒక రంగు. బడిలో టీచర్ నవ్వమని ఫోటో తీస్తే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం లేదు.